జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఇంటర్న్‌షిప్: అర్జీ పెట్టడం నుంచి ఆఖరి రోజు దాకా

జిల్లా కోర్టు ఆవరణలో ఓ పక్కగా ‘న్యాయ సేవా సదన్’ అనో ‘జిల్లా న్యాయ సేవాధికార సంస్థ’ అనో బోర్డు కనిపిస్తుంది. వకీలును పెట్టుకునే స్తోమత లేనివాళ్లకు ప్రభుత్వ ఖర్చుతో వకీలును ఇచ్చే కార్యాలయం ఇది. లా విద్యార్థికి జీతం లేకుండా పని నేర్పే చోట్లలో దీనికి సాటి వచ్చేవి తక్కువ. పెద్ద వకీలు చాంబర్‌లో నెల రోజులు ఫైళ్లు మోసినా ఒక్క కక్షిదారుతో నేరుగా మాట్లాడే అవకాశం రాకపోవచ్చు. ఇక్కడ రెండో రోజే ఒకావిడ మీ ఎదురు కుర్చీలో కూర్చుని, కొంగులో ముడేసిన కాగితాలు బల్ల మీద పెడుతుంది. ఆ కాగితాల్లోంచి మీరు ఏం రాస్తారో దాన్ని బట్టే ఆమె అర్జీ ఏ దారి పడుతుందో తేలుతుంది. ఈ మార్గదర్శి అంతా ఆ రాత చుట్టూనే ఉంటుంది.

కార్యాలయం ఎలా నడుస్తుంది

1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 1995 నవంబరు 9న అమల్లోకి వచ్చింది. ఏటా ఆ తేదీన న్యాయ సేవల దినోత్సవం జరిపేది అందుకే. జిల్లా సంస్థకు ప్రధాన జిల్లా జడ్జి ఛైర్మన్. రోజువారీ పని నడిపేది కార్యదర్శి, ఆయన లేదా ఆమె కూడా జడ్జే. కింద మండల న్యాయ సేవాధికార కమిటీలు ఉంటాయి. పైన రాష్ట్ర సంస్థలు: తెలంగాణది హైదరాబాద్ పురానీ హవేలీలో, ఆంధ్రప్రదేశ్‌ది నేలపాడులోని హైకోర్టు దగ్గర.

లోపల మీకు రోజూ తగిలే మనుషులు వేరు. అర్జీలు తీసుకునే ఫ్రంట్ ఆఫీసు సిబ్బంది, పారా లీగల్ వాలంటీర్లు (వకీళ్లు కాకపోయినా శిక్షణ పొంది న్యాయ సాయంలో తోడ్పడేవాళ్లు), ప్యానెల్ వకీళ్లు (సంస్థ జాబితాలో ఉన్న వకీళ్లు), క్రిమినల్ కేసుల్లో ముద్దాయిల తరఫున పూర్తికాలం పనిచేసే లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ వకీళ్లు, ఇన్‌వర్డ్ రిజిస్టరు చూసే గుమాస్తా. నేర్చుకునేది ఎక్కువగా వీళ్ల దగ్గరే. వాళ్లను ‘గారు’ అనకుండా పిలవకండి.

ఎవరు చేరవచ్చు, ఎప్పుడు చేరాలి

మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ విద్యార్థి చదువు పూర్తయ్యేలోగా కనీసం 12 వారాలు, ఐదేళ్ల కోర్సు విద్యార్థి 20 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలన్నది బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నిబంధన. ఏ ఏడాదిలోనూ ఒకే విడతలో 4 వారాలు దాటకూడదు. అందుకే దరఖాస్తులో 4 వారాలే అడగండి. రెండు నెలలు చేసి సర్టిఫికెట్ తెచ్చినా యూనివర్సిటీ లెక్క దగ్గర ఇబ్బంది వస్తుంది.

లా కాని డిగ్రీ విద్యార్థులకు దారి వేరు. పారా లీగల్ వాలంటీర్ల పథకంలో విద్యార్థులు కూడా చేరవచ్చు. జిల్లా సంస్థ నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు దరఖాస్తు పెట్టాలి, ఎంపికైతే శిక్షణ ఇచ్చి గుర్తింపు కార్డు ఇస్తారు. సోషల్ వర్క్ చదివేవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది.

సమయం ఎంచుకోవడంలో చాలామంది ఒకే పొరపాటు చేస్తారు. పరీక్షలు అయిపోయాయి కదా అని మే నెల అడుగుతారు. మేలో సివిల్ కోర్టులకు వేసవి సెలవులు. కార్యాలయం తెరిచే ఉంటుంది గానీ కోర్టు హాలులో చూడాల్సింది సగం ఉండదు. దసరా, సంక్రాంతి సెలవులు కలిసే వారాలూ అంతే. కేసులను రాజీతో ముగించే జాతీయ లోక్ అదాలత్ ఏడాదిలో కొన్ని విడతలుగా జరుగుతుంది, తేదీలు ముందే ప్రకటిస్తారు. ఆ తేదీకి మూడు వారాల ముందు మొదలై అది అయిన వారానికి ముగిసేలా చూసుకుంటే, నోటీసు పంపడం నుంచి అవార్డు (రాజీ ఉత్తర్వు) మీద సంతకం దాకా మొత్తం చూస్తారు.

దరఖాస్తు

కనీసం నెల ముందు ఇవ్వండి. కార్యదర్శి కొన్నిచోట్ల ఛైర్మన్ అనుమతి తీసుకోవాల్సి ఉంటుంది, ఫైలు కదలడానికి రోజులు పడతాయి. కావాల్సినవి ఇవి: ఒక పేజీ దరఖాస్తు, ప్రిన్సిపాల్ సంతకం, సీలుతో కాలేజీ సిఫారసు లేఖ, కాలేజీ గుర్తింపు కార్డు నకలు, ఆధార్ నకలు, రెండు పాస్‌పోర్టు సైజు ఫొటోలు, ఒక పేజీ మించని బయోడేటా. కాలేజీ లేఖలో తేదీలు ‘నుంచి–వరకు’ స్పష్టంగా ఉండాలి. ‘వీలైనన్ని రోజులు’ అని రాసిన లేఖ పక్కన పడుతుంది.

దరఖాస్తులో గొప్పలు వద్దు. పనికొచ్చే సంగతి చెప్పండి. ఇలా రాయవచ్చు:

‘జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శి గారికి. నేను ఫలానా కాలేజీలో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు 4 వారాలు మీ కార్యాలయంలో వేతనం లేకుండా ఇంటర్న్‌గా పనిచేయడానికి అనుమతి కోరుతున్నాను. తెలుగులో టైపింగ్ వచ్చు. ఉర్దూ మాట్లాడగలను. క్రిమినల్ ప్రొసీజర్, సాక్ష్య చట్టం చదివాను. ఫ్రంట్ ఆఫీసులో, జైలు సందర్శనల్లో పనిచేయాలని ఉంది.’

తెలుగు టైపింగ్, ఉర్దూ, హిందీ, కోయ, లంబాడీ, ఒడియా, సైగల భాష: వీటిలో ఏది వచ్చినా తప్పక రాయండి. ఆ ఒక్క మాటతో మీ దరఖాస్తు పైకి వస్తుంది. మూట్ కోర్టు (విద్యార్థుల నమూనా వాదన పోటీ) బహుమతుల అవసరం ఇక్కడ తక్కువ.

కాగితాలు స్వయంగా తీసుకెళ్లి ఇవ్వండి. ఇన్‌వర్డ్ నంబరు వేయించి, మీ దగ్గరి నకలు మీద ముద్ర, తేదీ తీసుకోండి. పది రోజులకు జవాబు రాకపోతే ఆ నంబరు చెప్పి మర్యాదగా అడగండి. నంబరు లేకుండా ‘మొన్న ఇచ్చానండీ’ అంటే ఎవరూ వెతకలేరు. కోర్టు నడిచే వేళ కార్యదర్శిని కలవాలని పట్టుబట్టకండి, భోజన విరామానికి ముందో సాయంత్రమో సమయం అడగండి.

ఖర్చు సంగతి ముందే చూసుకోండి. స్టైపెండ్ ఉండదు. వాలంటీర్లకు ఇచ్చే రోజువారీ గౌరవ వేతనం ఇంటర్న్‌కు వర్తించదు. బస్సు, భోజనం, జిరాక్సులు మీవే. ఊరికి దూరంగా ఉంటే సొంత జిల్లాలో చేయడమే మేలు, యాస కూడా కలిసొస్తుంది.

దుస్తులు, మాట తీరు

కోర్టు ఆవరణలో తెల్ల చొక్కా, తెల్ల లేదా నల్ల ప్యాంటు, నల్ల టై, నల్ల కోటు, పాదాలు పూర్తిగా కప్పే నల్ల బూట్లు. అమ్మాయిలకు నల్ల రంగు చీర, పూర్తి చేతుల తెల్ల జాకెట్టు కూడా చెల్లుతుంది. మెడకు తెల్ల బ్యాండు, భుజాన గౌను వకీళ్లకే, ఇంటర్న్ వేసుకోకూడదు. గ్రామ శిబిరాలకు మాత్రం కోటు వద్దు. నల్ల కోటు చూస్తే ఊళ్లో సగం మంది నోరు విప్పరు.

కక్షిదారులతో మొదటి మాట: ‘అమ్మా, నేను లా చదువుకుంటున్నాను, వకీలును కాదు. మీరు చెప్పింది రాసుకుని సార్‌కు ఇస్తాను.’ ఇది చెప్పకుండా మొదలుపెడితే వాళ్లు మిమ్మల్నే వకీలనుకుంటారు. ‘కేసు గెలుస్తామా బాబూ’ అని అడుగుతారు. జవాబు ఇవ్వకండి. ఎన్‌రోల్ కాని మనిషి సలహా ఇవ్వడం తప్పు, అంతకంటే ముందు, మీ మాట నమ్మి వాళ్లు ఒక వాయిదాకు రాకుండా పోవచ్చు.

ఫ్రంట్ ఆఫీసు బల్ల

ముందుగా చూడాల్సింది అర్హత. చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం ఉచిత న్యాయ సేవ ఎవరికంటే: ఎస్సీ, ఎస్టీలు, స్త్రీలు, పిల్లలు, వికలాంగులు, మనుషుల అక్రమ రవాణాకో వెట్టికో గురైనవాళ్లు, వరద, కరువు, భూకంపం, కుల దౌర్జన్యం వంటి విపత్తుల బాధితులు, పారిశ్రామిక కార్మికులు, కస్టడీలో ఉన్నవాళ్లు, వీళ్లెవరూ కాకపోతే ప్రభుత్వం పెట్టిన ఆదాయ పరిమితికి లోబడినవాళ్లు.

కొత్తవాళ్లు చేసే అతి పెద్ద తప్పు ఇక్కడే. అందరినీ ఆదాయ ధ్రువపత్రం అడుగుతారు. ఆదాయ పరిమితి ఆ ఆఖరి వర్గానికే. స్త్రీకి, ఎస్సీ, ఎస్టీలకు, ఖైదీకి ఆదాయంతో పని లేదు. ఆఖరి వర్గం వాళ్ల విషయంలో కూడా, అనుమానించడానికి కారణం లేకపోతే ఆదాయంపై అఫిడవిట్ సరిపోతుందని 13వ సెక్షన్ చెబుతోంది. ‘మీసేవకు వెళ్లి సర్టిఫికెట్ తీసుకురామ్మా’ అని పంపేస్తే, రోజు కూలీ పోగొట్టుకుని వచ్చిన మనిషి మళ్లీ రాకపోవచ్చు.

అర్జీ రాసే తీసుకురానక్కర్లేదు. నోటితో చెబితే కార్యాలయమే రాసిపెట్టాలి. దరఖాస్తుపై నిర్ణయం 7 రోజులు దాటకూడదు. కాబట్టి మీరు రాసిన కాగితం మీ బల్ల మీద రాత్రి నిద్ర చేయకూడదు.

రాసే పద్ధతి ఇలా పెట్టుకోండి. మొదటి పది నిమిషాలు కలం ముట్టకుండా వినండి. తర్వాత ‘మొదటి నుంచి ఒక్కొక్కటే చెప్పండమ్మా, రాసుకుంటాను’ అనండి. రెండోసారి చెప్పినప్పుడు కథ క్రమంలో వస్తుంది. తర్వాత కాగితాలన్నీ తీసుకుని తేదీల వారీగా పేర్చండి. ఒరిజినళ్లు ఉంచుకోకండి, జిరాక్సు తీసి వెంటనే చేతికి ఇచ్చేయండి.

ఏ అర్జీలోనైనా రెండు తేదీలు ముందు వెతకాలి: వాయిదా ఎప్పుడు, గడువు ఎప్పుడు తీరుతుంది. సమన్లు తెచ్చినవాళ్ల వాయిదా రేపే కావచ్చు. సివిల్ దావాలో జవాబు దాఖలుకు సమన్లు అందిన నాటి నుంచి 30 రోజులు, కోర్టు అనుమతితో 90 దాకా. చెక్కు చెల్లలేదని వచ్చినవాళ్లయితే బ్యాంకు మెమో అందిన తేదీ చూడండి: 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి, నోటీసు అందాక 15 రోజుల్లో డబ్బు రాకపోతే ఆ తర్వాతి నెల రోజుల్లో ఫిర్యాదు వేయాలి. ఇలాంటి తేదీ కనిపిస్తే ఎర్ర సిరాతో కాగితం పైన రాసి అప్పుడే కార్యదర్శి దృష్టికి తీసుకెళ్లండి.

పల్లె నుంచి వచ్చినవాళ్లు తేదీలు చెప్పరు. ‘ఉగాదికి ముందు’, ‘వరి కోతలప్పుడు’, ‘పెద్దోడు టెన్త్ రాసిన ఏడు’ అంటారు. వాళ్ల మాటను అలాగే రాసి, పక్కన మీరు లెక్కగట్టిన నెల, సంవత్సరం రాయండి. మీ అంచనా ఒక్కటే రాస్తే రేపు సాక్ష్యంలో తేడా వచ్చి ఆమే అబద్ధం చెప్పినట్టు అవుతుంది.

ఒకే విషయం మీద రెండు రకాల రాత చూడండి. మొదటిది: ‘అర్జీదారును భర్త చాలాకాలంగా వేధిస్తున్నాడు. పోషణ లేదు. న్యాయం చేయగలరు.’ దీన్ని పట్టుకుని ఏ వకీలూ పిటిషన్ రాయలేరు. మళ్లీ పిలిపించాలి, మళ్లీ ఒక రోజు కూలీ పోతుంది. రెండోది:

‘వివాహం 2019 మే, పెళ్లి పత్రిక ఉంది. పిల్లలు ఇద్దరు, 5, 3 ఏళ్లు. 2024 దసరా తర్వాత పుట్టింట్లో. భర్త లారీ డ్రైవరు, నెలకు 25 వేలు వస్తాయని చెబుతోంది, ఆధారం లేదు. 2025 జనవరిలో స్టేషన్‌లో ఫిర్యాదు చేసింది, రసీదు లేదు. పెద్దమనుషుల్లో ఒకసారి మాట్లాడారు, కాగితం రాయలేదు. ఆమె అడుగుతున్నది: పిల్లల ఖర్చు, తనతో తెచ్చిన బంగారం. విడాకులు అడగడం లేదు. ఫోను లేదు, తమ్ముడి నంబరు ఇచ్చింది, ఆ నంబరుకు చేయడానికి ఒప్పుకుంది.’

ఆఖరి రెండు వాక్యాలు గమనించండి. ఆమె ఏం అడగడం లేదో రాయడం, ఏం అడుగుతోందో రాయడంతో సమానం. ఫోను సంగతి కూడా అంతే: గృహహింస అర్జీలో ఇచ్చిన నంబరు భర్త చేతిలో ఉండే ఫోనుది అయితే మీ ఒక్క కాల్ ఆమెకు ప్రమాదం.

రాసింది ఆమెకు చదివి వినిపించి, తప్పులు దిద్ది, సంతకమో వేలిముద్రో తీసుకోండి. వేలిముద్ర అయితే ‘చదివి వినిపించగా సరేనని వేసిన వేలిముద్ర’ అని కింద రాయాలి.

వచ్చే ప్రతిదీ కోర్టు కేసు కాదు. పింఛను ఆగింది, రేషన్ కార్డులో పేరు పోయింది, పాస్‌బుక్‌లో విస్తీర్ణం తప్పు పడింది: ఇవి చాలావరకు తహసీల్దారు కార్యాలయం, గ్రామ సచివాలయం, కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజావాణి వంటి చోట్ల తేలేవి. అలాంటప్పుడు మంచి అర్జీ రాసివ్వడమే సాయం. ఇప్పటికే కోర్టులో నడుస్తున్న కేసైతే ఈ-కోర్ట్స్‌లో సీఎన్‌ఆర్ నంబరుతో (ఒక్కో కేసుకు ఉండే గుర్తింపు సంఖ్యతో) స్థితి చూసి, వాయిదా తేదీని పెద్ద అక్షరాల్లో చీటీ మీద రాసివ్వండి. ఆ నంబరులో మొత్తం 16 అక్షరాలు, అంకెలు ఉంటాయి. సున్నాకూ ఇంగ్లీషు ‘ఓ’కూ తేడా చూసుకోండి, ఎక్కువసార్లు రికార్డు దొరకనిది అందుకే.

జైలు పట్టిక

జైలు సందర్శనకు మిమ్మల్ని కార్యదర్శో డిఫెన్స్ కౌన్సిలో వెంట తీసుకెళ్తారు, ఒంటరిగా వెళ్లలేరు. ఆధార్, కాలేజీ కార్డు ఉండాలి, ఫోను గేటు దగ్గరే ఇచ్చేయాలి. ముందురోజే ఒక పట్టిక గీసుకోండి: పేరు, క్రైమ్ నంబరు, స్టేషను, సెక్షన్లు, గరిష్ఠ శిక్ష, మొదటి రిమాండ్ తేదీ, చార్జిషీటు తేదీ, గతంలో శిక్ష పడిందా, వేరే కేసులు ఉన్నాయా, వకీలు ఉన్నారా, బెయిలు వచ్చిందా.

ఈ పట్టికతో మూడు లెక్కలు తేలతాయి.

మొదటిది చార్జిషీటు గడువు. మరణశిక్ష, జీవిత ఖైదు, పదేళ్లు లేదా అంతకు మించిన శిక్ష పడే నేరాలకు 90 రోజులు, మిగతావాటికి 60. అప్పటికీ చార్జిషీటు రాకపోతే బెయిలు హక్కు వస్తుంది. ఎఫ్‌ఐఆర్ తేదీ నుంచి లెక్కపెట్టకండి, రిమాండ్ తేదీ నుంచి పెట్టాలి. రిమాండ్ చేసిన రోజూ లెక్కలోకే వస్తుందని 2023 మార్చిలో సుప్రీంకోర్టు తేల్చింది. ఉదాహరణకు 2025 జనవరి 10న రిమాండ్ అయితే మార్చి 10కి 60 రోజులు నిండుతాయి, 11న పిటిషన్ వేయాలి. ఆలస్యమై ఆలోగా చార్జిషీటు దాఖలైతే ఆ హక్కు పోతుంది. అందుకే 50వ రోజు దాటిన పేర్లను విడిగా రాసి వకీలుకు ఇవ్వండి. గంజాయి వంటి మత్తు పదార్థాల కేసుల్లో వాణిజ్య పరిమాణం (చట్టం ప్రకారం పెద్ద మొత్తం) ఉన్నప్పుడు గడువు 180 రోజులు. ఆ కేసులు వేరే పెట్టుకోవాలి.

రెండోది శిక్షలో ఎంత భాగం లోపలే గడిచిందన్నది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 479వ సెక్షన్ ప్రకారం, గతంలో శిక్ష పడని ముద్దాయి గరిష్ఠ శిక్షలో మూడో వంతు, మిగతావాళ్లు సగం గడిపితే విడుదలకు అర్హులు. మామూలు దొంగతనానికి గరిష్ఠం మూడేళ్లు, కాబట్టి మొదటిసారి ముద్దాయికి ఏడాది. మరణశిక్ష, జీవిత ఖైదు పడగల నేరాలకు ఇది వర్తించదు, ఒకటికి మించి కేసులు నడుస్తున్నా వర్తించదు. ఈ చట్టం అమల్లోకి వచ్చిన 2024 జులై 1కి ముందు నమోదైన కేసుల్లోని ఖైదీలకూ ఇది వర్తిస్తుందని అదే ఏడాది ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ పట్టికలో తేలిన పేర్లు జిల్లా జడ్జి అధ్యక్షతన జరిగే విచారణ ఖైదీల సమీక్ష కమిటీ ముందుకు వెళ్తాయి.

మూడోది మనసును కలచివేసేది. బెయిలు వచ్చీ బయటకు రాలేనివాళ్లు. జామీను పెట్టేవాళ్లు దొరకరు, ఇంటికి కబురు అందదు. బెయిలు వచ్చి 7 రోజులైనా విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి తెలియజేయాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. మీరు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ‘మీకు బెయిలు వచ్చిందని ఎవరైనా చెప్పారా?’ కొందరికి ఆ సంగతే తెలియదు. ఇంటి చిరునామా, ఊళ్లో తెలిసిన ఒకరి పేరు, ఏదైనా ఫోను నంబరు రాసుకుంటే, జామీను షరతు సడలించమని పిటిషన్ వేయడానికి వకీలుకు ఆధారం దొరుకుతుంది.

నేరం చేశావా అని మాత్రం అడగకండి. పక్కనే సిబ్బంది ఉంటారు.

లోక్ అదాలత్

మీకు ఇచ్చే పని జాబితాలు, నోటీసులు, ఫోన్లు. చిన్నపనిగా అనిపిస్తుంది గానీ రాజీ పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. నోటీసులో పాత చిరునామా ఉంటే అవతలి పక్షం రాదు. ఇన్సూరెన్స్ కంపెనీ వకీలు మొత్తంపై ఆమోద లేఖ లేకుండా వస్తే ప్రమాద కేసు అక్కడే ఆగిపోతుంది. వారం ముందే ఫోన్ చేసి అడగండి.

అవార్డు ముసాయిదా మీ చేతికి వస్తే ఇవి సరిచూడండి: పేర్లు, తండ్రి పేర్లు దావాలో ఉన్నట్టే ఉన్నాయా, మొత్తం అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఒకటేనా, ఏ తేదీకి ఎంత కట్టాలి, కట్టకపోతే ఏమిటి, బ్యాంకు ఖాతా నంబరు సరేనా. లోక్ అదాలత్ అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు ఉండదు. కోర్టు ఫీజు వాపసు వస్తుంది, ఆ కాగితం కక్షిదారుకు అందిందో లేదో చూడండి. రాజీకి వీల్లేని నేరాలు లోక్ అదాలత్ తీసుకోదు. రాజీ కుదరకపోతే కేసు పాత కోర్టుకే వెళ్తుంది, ఎవరి హక్కూ పోదు. ముఖం చూసి బెరుకు కనిపిస్తే ఈ మాట వాళ్లకు తెలుగులో చెప్పమని బెంచిని కోరవచ్చు. ‘ఒప్పుకోమ్మా’ అని మీరు నచ్చజెప్పకండి.

శిబిరాలు

ఊరికెళ్లి చట్టాల జాబితా చదివితే ఎవరికీ గుర్తుండదు. ఒక్క శిబిరానికి ఒక్క విషయం చాలు. టోల్‌ఫ్రీ నంబరు 15100ను అందరి చేత ఫోన్లలో ఎక్కించండి. సభ అయ్యాక చెట్టు కింద అరగంట ఉండండి, అసలు అర్జీలు అప్పుడొస్తాయి.

బయటకు పొక్కకూడనివి

అర్జీదారుతో సెల్ఫీ, ఫైలు ఫొటో, వాట్సాప్ స్టేటస్: ఏదీ వద్దు. లైంగిక నేరాల బాధితుల గుర్తింపు బయటపెట్టడం ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు పడే నేరం. పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసుల్లో పిల్లల పేరే కాదు, బడి పేరు, వీధి పేరు కూడా రాయకూడదు. మీ డైరీలోనూ పేర్లకు బదులు ‘అర్జీదారు 1’, ‘అర్జీదారు 2’ అని రాయండి. అది కాలేజీలో ఎంతమంది చేతులు మారుతుందో మీ చేతిలో ఉండదు.

డైరీ, సర్టిఫికెట్

డైరీ ఏ రోజుది ఆ రోజే. రోజుకు అర పేజీ: ఏ పని, ఏ చట్టం తగిలింది, ఎక్కడ తడబడ్డారు, ఎవరు సరిదిద్దారు. వారానికోసారి మార్గదర్శకుడి పొట్టి సంతకం తీసుకోండి. నెలాఖరున ఒకేసారి 24 రోజులు నింపి తెస్తే సిరా ఒకటే, రాత ఒకటే, చూసేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. దాన్ని కాలేజీ అధ్యాపకుడు కూడా మదింపు చేస్తారు.

సర్టిఫికెట్ ముసాయిదాలో మీ పేరు హాల్‌టికెట్‌పై ఉన్నట్టే ఉందో లేదో, తేదీలు, వారాల సంఖ్య సరిగ్గా ఉన్నాయో లేదో సంతకానికి ముందే చూసుకోండి. జడ్జి బదిలీ అయ్యాక దిద్దించుకోవడం చాలా కష్టం.

ఆఖరి రోజు ఒక కాగితం రాసి ఫ్రంట్ ఆఫీసులో ఇవ్వండి. మీరు రాసిన అర్జీల్లో ఇంకా వకీలు రానివి ఏవి, ఎవరి కాగితం ఏ ఫైల్లో ఉంది, ఎవరికి ఏ రోజు ఫోన్ చేస్తామని చెప్పారు. దాని కింద ఎవరు చూసుకుంటారో పేరు రాయించి, సంతకం తీసుకుని, అప్పుడు సెలవు తీసుకోండి.